బర్బియానా బాలుర లేఖ : కర్తృత్వము, బాధ్యత

ఒక కృతిని పలువురు కలిసి రచించుట తెలుగు సాహిత్యమునకు క్రొత్త గాదు. భాస్కర రామాయణమును హుళక్కి భాస్కరుడు, మల్లికార్జునభట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు పంచుకొని వ్రాసిరి. అందు ఎవరి భాగ మేదియో స్థూలముగ నిర్ణయింపవచ్చును. నంది మల్లయ, ఘంట సింగనలు మొదలు తిరుపతి వేంకట కవుల వరకు గల జంటకవుల కృతులలో ఏ పద్య మెవరిదో చెప్పుట కష్టము. ఐనను ఇరువురి పేళ్లును కృతిపై నుండుటచే విమర్శకునకు చిక్కు లేదు. ఈ రెండు తెరగులకును మన మలవాటుపడి యున్నాము. మూడవ తెరగు ఒకటి కలదు. 1967 మే నెలలో ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమున ఒక చిన్న పుస్తకము అచ్చయ్యెను. 'ఒక ఉపాధ్యాయినికి లేఖ' అని దాని పేరునకు అర్థము. గ్రంథకర్త పేరుండవలసిన తావున 'బర్బియానా పాఠశాల' అని మాత్రమే యున్నది. వ్రాసినవారు ఎనిమిదిమంది కొండపల్లె బాలురు. వారి పేళ్లు అట్టపై లేవు. వారికి చదువు చెప్పిన గురువు పేరును లేదు.

ఈ పుస్తకమును విద్యాశాస్త్రజ్ఞులు ఎక్కువగను, సాహిత్య విమర్శకులు తక్కువగను పట్టించుకొనిరి. విద్యార్థి బాధ్యత, పల్లెవారి భాగస్వామ్యము అను రెండు మాటలు ప్రత్యామ్నాయ విద్యను గూర్చిన ప్రతి ప్రసంగమునను వినబడుచుండును. ఆ ప్రసంగములలో అవి సాధారణముగ పెద్దలు పిల్లలకు ప్రసాదించు వరములుగ కనబడును. బర్బియానా లేఖలో అట్లు గాదు. బాధ్యత అందు వస్తువు మాత్రమే కాక రచనావిధానమై యున్నది. పల్లెవారు అందు సహాయకులు మాత్రమే కాక వాక్యపరీక్షకులై యున్నారు. ఈ సంగతి గమనింపక ఆ గ్రంథము యొక్క కర్తృత్వమును నిర్ణయింప బూనినవారు చాలవరకు దారి తప్పిరని నా యభిప్రాయము. నేను చదివినది 1970లో వెలువడిన నోరా రోసి, టామ్ కోల్ గార్ల ఆంగ్లానువాదము. కావున నేను శైలిని గూర్చి చెప్పు మాటలు వాక్యములను కూర్చిన తీరునకును, విషయక్రమమునకును సంబంధించినవే గాని ఇటాలియను పదముల సొగసును గూర్చినవి కావు.

ముందుగ పాఠశాలను గూర్చి కొంత చెప్పవలెను. లొరెంజో మిలానీ 1923లో ఫ్లారెన్సులో సంపన్నమును, విద్వత్సంపన్నమును ఐన కుటుంబమున జన్మించెను. 'మధ్యయుగములలో వర్జిలు' అను గ్రంథము (1872) వ్రాసి ఐరోపా యంతట పేరొందిన దొమెనికో కొంపరెత్తి ఆయనకు ముత్తాత. ఇట్టి పండితుని మునిమనుమడు పండితభాషపై కత్తిగట్టుట వింతయే. యౌవనమున చిత్రలేఖనమభ్యసించి, 1943లో మతవిద్యాలయమున చేరి, 1947లో దీక్షపొందెను. తొలుత కాలెంజానోలో కార్మికులకును రైతులకును రాత్రిబడి నడపెను. రాజకీయపక్షములతో పనిలేక అందరిని అందు చేర్చుకొనెను. అది పైవారికి రుచింపలేదు. 1954 డిసెంబరులో ఆయనను ముజెల్లో ప్రాంతమున మాంటె జోవి కొండపైనున్న బర్బియానాకు పంపిరి. అక్కడ ఒక చర్చి, దానిని ఆనుకొని గురువు ఇల్లు, కొండవాలున అక్కడొకటి ఇక్కడొకటిగ కొన్ని రైతుల యిండ్లు. బాట లేదు, విద్యుత్తు లేదు. ఆయనను దూరముగ నుంచుటకే ఈ బదిలీ జరిగినదని సామాన్యాభిప్రాయము. 1958లో ఆయన వ్రాసిన 'మతగురువు అనుభవములు' అను అర్థముగల గ్రంథమును విక్రయమునుండి ఉపసంహరింపుమని రోమునుండి ఆజ్ఞ వచ్చెను. 1967 జూన్ 26న, అనగా లేఖ అచ్చైన కొలది వారములకే, నలుబదినాల్గవ యేట ఆయన మరణించెను.

1962 డిసెంబరు 31నాటి శాసనముచే ఇటలీలో పదునాలుగేండ్ల వరకు పిల్లలందరికి ఒకేవిధమైన మాధ్యమిక పాఠశాల ఏర్పడెను. శాసనము తలుపు తెరచెను. పరీక్ష ఆ తలుపును మరల మూసెను. రైతుల పిల్లలు తప్పుటయు, తప్పి పొలమునకో కర్మాగారమునకో పోవుటయు మానలేదు. బర్బియానాలో చదివి, ఉపాధ్యాయులు కాగోరి ఫ్లారెన్సుకు పోయిన బాలురు అక్కడి ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయమున తప్పిరి. లేఖ ఆ పరీక్ష చేసిన ఉపాధ్యాయినికి వ్రాయబడినది.

పాఠశాల తీరు విచిత్రము. ఉపాధ్యాయపీఠము లేదు, నల్లబల్ల లేదు, వరుసబల్లలు లేవు. పెద్ద మేజాలు కలవు; చదువును భోజనమును వానిమీదనే. ఒక్కొక్క పుస్తకమునకు ఒక్కటే ప్రతి. దానిచుట్టు పిల్లలు మూగుదురు. వారిలో కొంచెము పెద్దవాడొకడు చెప్పుచున్నాడని దూరమునుండి చూచువానికి తెలియనే తెలియదు. అట్టి బాలోపాధ్యాయులు పండ్రెండేండ్ల వారు మొదలు పదునారేండ్ల వారి వరకు ఉండిరి. దినమునకు పండ్రెండు గంటలు, ఏడాదిలో సెలవు లేక బడి నడచెను. ఇది క్రౌర్యమని పట్టణవాసులకు తోచును. ముప్పదియారు ఆవుల కొట్టమును శుభ్రపరచు బాలునకు మాత్రము బడిలో గడపు గంట విశ్రాంతియే. ఈ వాదము లేఖలో ఎంత పొట్టిగ నున్నదో అంత బలముగ నున్నది.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట మనకు తెలియని పద్ధతి కాదు. మన వీధిబడులలో అది ఎప్పటినుండియో ఉన్నదే. మద్రాసులో ఎగుమూరు అనాథ బాలుర శాలకు అధికారిగ నుండిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు ఇసుకమీద వ్రాయుచు ఒకరికొకరు నేర్పుకొను దేశీయ బాలురను చూచి, ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో దానిని గూర్చి ఇంగ్లండులో గ్రంథము ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' అని అక్కడ దానికి పేరు వచ్చెను. ఐతే బెల్ దొర దానిని పొదుపు కొఱకు వాడెను: ఒక్క ఉపాధ్యాయుని జీతముతో నూర్లకొలది పిల్లలకు చదువు. బర్బియానాలోను ఉపాధ్యాయుడొక్కడే, లేమియే మూలము. కాని అక్కడ ఒక నియమము చేరెను. అందరికంటె వెనుకబడినవాడు ఎవడో వానికి తెలియువరకు పాఠము ముందుకు సాగదు. దీనిచే బోధించు పెద్దబాలుని స్థితి మారిపోయినది. వాడు గురువు మాటను క్రిందికి చేరవేయు పరిచారకుడు గాడు. ఎదుటివానికి తెలియకున్నచో జవాబు చెప్పవలసినవాడు. బాధ్యత అను పదమునకు మన భాషలో బరువు అను అర్థచ్ఛాయ కలదు. ఇంకొక అర్థము, జవాబుదారితనము, ఇక్కడ ముఖ్యము. ఆ బడి గోడపై ఆంగ్లమున రెండు మాటలు వ్రాసియుండెను: ఇది నాకు పట్టినది, నాకు దీనితో పని యున్నది అని వాని భావము. ముస్సోలినీ పక్షమువారు 'నాకేమి లెక్క' అను అర్థమున వాడిన నినాదమునకు అది ప్రత్యుత్తరము.

పాఠశాలకు వలయు మేజాలను, పరికరములను పిల్లలే చేసికొనిరి. నీరనిన జడిసెడి కొండపిల్లల కొఱకు చిన్న ఈతకొలను కూడ కట్టుకొనిరి. వేసవిలో పదునైదేండ్ల బాలురు ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ దేశములకు పోయి కూలిపని చేయుచు భాషలు నేర్చుకొని వచ్చెడివారు. ప్రతిదినము వార్తాపత్రికను గట్టిగ చదివి చర్చించెడివారు. కొండ యెక్కి వచ్చిన అతిథి ఎంతటి పెద్దవాడైనను ఆ పిల్లల ప్రశ్నలకు కూర్చుండి జవాబు చెప్పవలసినదే.

ఇక లేఖారచన. ఆ గ్రంథమునకు ఇది ఆయువుపట్టు. ఆ పద్ధతిని బాలురే పుస్తకమున వివరించిరి. దానిని నా మాటలలో సంగ్రహించెదను. ప్రతివాడును జేబులో చిన్న నోటుపుస్తకము ఉంచుకొనును. ఏ తలపు తోచినను వెంటనే ఒక చీటిపై, ఒకవైపున మాత్రమే, వ్రాసికొనును. ఒకనాడు చీటీలన్నియు మేజాపై పరతురు. ఒకే సంగతి రెండుమార్లు వచ్చినచో ఒకదానిని తీసివేయుదురు. ఒకదానితో నొకటి సంబంధించిన చీటీలు కుప్పలగును, కుప్పలు అధ్యాయములగును. ప్రతి కుప్పను మరల చిన్న భాగములుగ విడదీసి ప్రతి భాగమునకు పేరు పెట్టుదురు. పేరు పెట్టుటకు కుదరనిచో ఆ భాగమున చెప్పునది ఏదియు లేదనియో, లేక రెండు సంగతులు ఇరికినవనియో తెలిసికొందురు. పిదప తోచినట్లు వ్రాసి, సైక్లోస్టైలు తీసి, తలకొక ప్రతి పంచుదురు. అటుపిమ్మట కత్తెరలు, జిగురు, రంగుపెన్సిళ్లు. మొదటి కూర్పు చెదరిపోవును, క్రొత్త చీటీలు చేరును, మరల సైక్లోస్టైలు. చివరకు తీసివేతల పందెము. అనవసర విశేషణము, పునరుక్తి, అసత్యము, కఠినపదము, మితిమీరిన వాక్యము, ఒక వాక్యమున రెండు భావములు: వీనిని కనిపెట్టి కొట్టివేయగలవాడు నేర్పరి.

అప్పటికిని పని ముగియదు. బయటివారిని ఒకరి తరువాత ఒకరిని పిలుతురు. ఎక్కువ చదువుకొననివారైనచో మేలు. వారిచేత గట్టిగ చదివింతురు. తాము చెప్పదలచినదియు వారు గ్రహించినదియు ఒకటేనా యని చూతురు. స్పష్టత కొఱకు చెప్పిన సవరణలను స్వీకరింతురు. జంకుచే చెప్పిన సవరణలను తోసిపుచ్చుదురు. మన అలంకారశాస్త్రమున సహృదయుడు రచన ముగిసిన పిదప వచ్చును. ఇక్కడ సహృదయుడు రచన నడుమనే మేజా యొద్దకు వచ్చి, చదువురాని రైతై, వాక్యమును మార్చివేయుచున్నాడు. ఇది అల్పమైన భేదము కాదు. అతనికి తెలియకపోవుట అతని లోపము గాదు, వాక్యము యొక్క లోపము. పాఠశాలలో వెనుకబడిన విద్యార్థికి ఏ స్థానమో రచనలో చదువురాని శ్రోతకు అదే స్థానము. పాఠశాల నియమమే రచనా నియమమైనది. ఈ ఏకత్వము యాదృచ్ఛికము కాదని నేననుకొనెదను.

గ్రంథారంభమునందలి కృతజ్ఞతా వాక్యములను చూచిన ఈ సంగతి ఇంకను తేటపడును. మన పరిశోధన వ్యాసములలో కృతజ్ఞతల పుట యొక మర్యాద మాత్రమే. పర్యవేక్షకుని మొదలు అచ్చాపీసువారి వరకు వరుస తెలిసినదే, దానిని చదువువారు అందు పేరున్నవారు మాత్రమే. బర్బియానా బాలుర కృతజ్ఞతలు వేరొక జాతివి. అవి పని పంపకమును తెలుపు పత్రము. ఎనిమిదిమంది వ్రాసిరి, అప్పటికే పనులలో కుదిరిన పాతవిద్యార్థులు ఆదివారములందు వచ్చి తోడ్పడిరి. గురువు తమకు విద్య గరపి, రచనలోని నియమములు నేర్పి, పనికి మార్గదర్శియై యుండెనని ఆ బాలురే ఒప్పుకొనిరి. పాఠమును సులభము చేయుటలో పలువురు తల్లిదండ్రులు సాయపడిరి. లెక్కల సేకరణకు పాఠశాలల గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు, మంత్రిత్వశాఖలోను గణాంకసంస్థలోను ఉద్యోగులు, చర్చి గురువులు. ఇతర విషయములకు కార్మికసంఘ నాయకులు, పత్రికా రచయితలు, పురపాలకులు, చరిత్రకారులు, న్యాయవేత్తలు. సంతానమునకు చదువు చెప్పించుటయే తప్ప చదువుతో తమకు పొత్తు లేదనుకొన్న కొండరైతులు శైలిపరిష్కర్తలుగను, న్యాయశాస్త్రవేత్తలు సమాచారమందించు వారుగను ఇందు నిలిచిరి. మన వాడుకలో ఈ వరుస తలక్రిందులు. ఏ తరగతిలో ఎందరు తప్పిరి, వారి తండ్రులు ఏ వృత్తివారు అని ఆ బాలురు పట్టికలు వేసి చూపిరి. ఆ పట్టికల కొఱకు ఇటలీ భౌతికశాస్త్ర సంఘము వారికి బహుమతి నిచ్చెను.

సామూహిక రచన అను ఈ తలపు బర్బియానాలోనే పుట్టినది కాదు. 1963 వేసవిలో మారియో లోది అను ఉపాధ్యాయుడు అక్కడికి వచ్చెను. ఆయన క్రెమోనా మండలమున పియదేనా సమీపమందలి ఒక పల్లెలో బడిపంతులు. పిల్లలచే ముద్రణాలయము నడపించిన ఫ్రెంచి ఉపాధ్యాయుడు సెలెస్తెన్ ఫ్రెనే మార్గము ననుసరించినవాడు. ఆ రాకనుండి రెండు బడుల పిల్లలకును ఉత్తరములు నడచెను. ఒక బడివారు మరియొక బడివారికి తమ్ము దాము ఎఱిగించుకొనవలసి వచ్చినపుడు 'మేము' అను సర్వనామమునకు అవసరము పుట్టినది. లేఖాప్రక్రియను ఆ బాలురు పుస్తకమునకు ఏల యెన్నుకొనిరను ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే వెదకవలెనని నాకు తోచుచున్నది.

ఆ సర్వనామమును గూర్చి మరికొంత చెప్పవలసియున్నది. ప్రత్యామ్నాయ పాఠశాలలను గూర్చి తెలుగు పాఠకు లెఱిగిన రెండు గ్రంథములతో పోల్చిచూతము. గిజూభాయి బధేకా 1930ల తొలినాళ్లలో గుజరాతీలో వెలువరించిన 'దివాస్వప్న' మొదటిది. నాలుగవ తరగతిని ఏడాదిపాటు తన పద్ధతిలో నడపుటకు అనుమతి పొందిన ఉపాధ్యాయుడు అందు కథకుడు. కథలు, ఆటలు, పరిశుభ్రత, నాటకములు అన్నియు మనోహరముగ నున్నవి. కాని 'నేను' అనునది ఉపాధ్యాయుడే. పిల్లల బాధ్యత ఆయన ప్రయోగఫలము. ఊరివారు, తోటి ఉపాధ్యాయులు, అధికారులు ఆ ప్రయోగమును సందేహించు ప్రేక్షకులు. రెండవది తెలుగున 'రైలుబడి'గ వచ్చిన తెత్సుకో కురొయానాగి రచన (1981). 1937లో సొసాకు కొబయాషి టోక్యోలో నెలకొల్పి, 1945 బాంబుదాడిలో కాలిపోయిన తొమోయె పాఠశాల అందలి వస్తువు. మరుగుదొడ్డి గుంటలో పడిన డబ్బుసంచి కొఱకు బాలిక గుంటనంతయు తోడి పోయుచుండగ, ప్రధానోపాధ్యాయుడు మందలింపక, ముగిసిన పిదప అంతయు తిరిగి లోపల వేయుదువు గదా యని మాత్రము అడిగి వెడలిపోవు ఘట్టము విద్యార్థి బాధ్యతను గూర్చి లోకమున వ్రాయబడిన ఘట్టములలో మేలైనది. పొలము పని నేర్పుటకు రైతునే ఉపాధ్యాయునిగ పిలుచుట, కొండసరకు కొంత సముద్రపుసరకు కొంత అను నియమముతో తల్లులచే భోజనపు డబ్బాలు కట్టించుట ఊరిని, ఇంటిని బడిలోనికి తెచ్చిన చక్కని ఉపాయములు. ఐనను 'రైలుబడి' నలుబదియేండ్ల పిమ్మటి స్మృతి. పెద్దయైన విద్యార్థిని కృతజ్ఞతతో వెనుకకు చూచుచున్నది. మాధుర్యమంతయు ఆ దూరము వలననే.

బర్బియానా లేఖ ఈ రెంటికంటె భిన్నము. అందు బాలురు బాలురుగ నుండగనే, పరీక్ష తప్పిన గాయము పచ్చిగ నుండగనే మాటలాడుచున్నారు. కథకుడు ఒకచో 'నేను', మరియొకచో 'మేము'. ఆ 'నేను' ఏ యొక్క బాలుడును గాడు. ఎనిమిదిమంది అనుభవములు కలిసి ఒక వ్యక్తియైనవి. ఎదుట జన్ని అను పేదబాలుడు, పియెరీనో అను వైద్యుని కుమారుడు రెండు పాత్రలు. ఒకడు బడినుండి వెలివేయబడువాడు, ఒకడు పుట్టుకతోనే బడికి తగినవాడు. పద్ధతి ఎఱుగనివారికి ఇవి వ్యక్తిచిత్రణము లేని బొమ్మలవలె కనబడవచ్చును. నిజమునకు పట్టికలలోని అంకెలకు వారు వేసిన ముఖములవి.

ఇక కర్తృత్వ వివాదము. రచన మిలానీదే, బాలురు నెపమాత్రులని చెప్పువారు మొదటినుండియు కలరు. 2017లో మొందదోరీ ప్రచురణ సంస్థవారు మిలానీ సమగ్ర రచనలను ముద్రించినపుడు లేఖను కూడ అందు చేర్చిరి. సమగ్ర సంపుటమున దానిని వదలుట సంపాదకులకు సాధ్యము కాదు, నిజమే. గురువు పదును ప్రతిపుటయందును తెలియుచున్నది. ఆయన సొంత లేఖలను చదివినవారు ఆ పదునును గుర్తుపట్టగలరు. కాని ఈ పక్షమువారు పరిశీలించునది 'ఈ వాక్య మెవనికి తోచినది' అను ఒక్క ప్రశ్ననే. ఈ ప్రశ్న ఏకకర్తృక కావ్యమునకు తగును. బర్బియానా రచనలో అడుగవలసినది వేఱు: 'ఈ వాక్యమును నిలుపుటకో కొట్టివేయుటకో అధికార మెవరిది? దీనికి జవాబు చెప్పవలసినవా రెవరు?' గురువు ప్రతిపాదించిన వాక్యమైనను రైతుతల్లికి బోధపడనిచో నిలువదను నియమము నడచినంత కాలము, ఆ వాక్యమునకు గురువు కర్త గాడు. మార్గదర్శి యని బాలురు వాడిన మాట సరిగ సరిపోవును. శిల్పుల సంఘమున పెద్దశిల్పి యుండును. గోపురము ఆతని పేర పరగదు.

ఈ సమాధానము పూర్తిగ తృప్తికరము కాదని ఒకరు ఆక్షేపింపవచ్చును. పదునాలుగేండ్ల బాలుడు తాను ఆరాధించు గురువు వాక్యమును కొట్టివేయగలడా? బర్బియానా గురువు మెత్తనివాడు కాడు, కఠినశాసనుడు, కోపి, దెబ్బ వేయుటకును జంకనివాడు. అట్టివాని యెదుట స్వాతంత్ర్యమెంత? ఈ ఆక్షేపణకు బలము కలదు. నా సమాధాన మిది: స్వాతంత్ర్యమును వ్యక్తుల ధైర్యముపై నుంచక పద్ధతిపై నుంచుటచే ఆ లోపము కొంత తీరినది. చీటీపై పేరుండదు. కుప్పలో పడిన పిదప గురువు చీటీయు కడగొట్టు విద్యార్థి చీటీయు సమానము. పేరు పెట్టుటకు కుదరని భాగము ఎవరిదైనను పోవలసినదే.

భాషను గూర్చి లేఖ చెప్పిన మాటలు తెలుగు విద్యార్థికి మిక్కిలి చిరపరిచితముగ వినబడును. భాషను పుట్టించి నిత్యము క్రొత్తజేయువారు పేదవారనియు, కలవారు దానిని గడ్డకట్టించి, అట్లు మాటలాడనివానిని పరీక్షలో తప్పించుటకు వాడుకొందురనియు ఆ బాలుర వాదము. హోమరునకు మొంతి చేసిన పాత అనువాదమును వల్లింపజేసి, తండ్రుల బ్రదుకును నిర్ణయించు లోహకార్మికుల ఒప్పందపత్రమును ఎన్నడును చదివింపని చదువు ఎవరి కొఱకని వారు అడిగిరి. 1910ల తొలినాళ్లలో స్కూలు ఫైనలు విద్యార్థి తన వ్యాసమును ఏ తెలుగులో వ్రాయవచ్చునను విషయమై మద్రాసు రాజధానిలో చెలరేగిన వివాదము పండితుల కలహము గాదు. ఎవరు తప్పవలెను, ఎవరు కృతార్థులు కావలెను అను కలహము. గిడుగు రామమూర్తి పంతులుగారు దానిని అట్లే గ్రహించిరి. వారు పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే బడి పెట్టి, వాచకములు కూర్చిన పని ఈ వివాదమునకు ముందునుండియు నడచినది. సవర భాషా వ్యాకరణము (1931), నిఘంటువు (1938) తరువాత వచ్చినవి. ముందు బడి, పిదప వ్యాకరణము. ఇంత చెప్పి, ఈ వ్యాసము ఏ భాషలో వ్రాయబడినదని పాఠకు డడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈ సంచిక పుటల సంప్రదాయమని తప్ప వేఱు జవాబు లేదు.

గ్రంథమునకు దోషములు లేకపోలేదు. అవి చిన్నవియు కావు. ఉపాధ్యాయిని ఇందు ఒక్కమారును మాటలాడదు. లేఖ అనగా ప్రత్యుత్తరమునకు చోటిచ్చునది, ఇది చోటీయదు. ఆమె పని గంటలు తక్కువ, సెలవులు ఎక్కువ యని పలుమార్లు ఎత్తిపొడుపు. ఉపాధ్యాయవృత్తికి దినమంతయు అంకితము కావలెననియు, భార్యాభర్తలిద్దరును ఉపాధ్యాయులై ఇంటినే బడి చేయవలెను, లేదా అవివాహితులుగ నుండవలెననియు సూచన. గాంధీజీ తన పిల్లలను పరుల పిల్లలతో కలిపి పెంచి, వారు తనకంటె వేఱుగ ఎదుగుటను చూచి భరించెనని ఆ సందర్భముననే ఉదాహరణము వచ్చును. ఆ మూల్యమును చెల్లించినవారు గాంధీజీయేనా, ఆ పిల్లలును, కస్తూర్బాయును కూడనా యను విచారము లేదు. ఇంటికి పోయి వంట చేయవలసిన ఉపాధ్యాయినికి పండ్రెండు గంటల బడి ఏమగునను ప్రశ్న ఎవరికిని తోచలేదు.

ఏల తోచలేదు? పద్ధతియొక్క పరిమితి ఇచ్చట బయటపడుచున్నది. వాక్యమును పరీక్షించిన శ్రోతలు స్పష్టతను పరీక్షించిరి; న్యాయమును పరీక్షింపగలవారు, అనగా ఎదుటిపక్షమువారు, ఆ మేజా యొద్ద లేరు. మరియు బాలికలు లేరు. బర్బియానాకు ఆడపిల్లలు అరుదుగ వచ్చిరి. కొండదారులు ఒక కారణము. ఆడదానికి చదువు అక్కఱలేదను తల్లిదండ్రుల తలపు ముఖ్యకారణము. ఈ సంగతి బాలురే లేఖలో చెప్పి నొచ్చుకొనిరి. కాని నొచ్చుకొనుట వేఱు, ఆ లోపము తమ వాక్యములలో ఎచ్చట పనిచేయుచున్నదో వెదకుట వేఱు. చీటీలు వ్రాసిన ఎనిమిదిమందిలో ఒక్క బాలికయున్నచో ఉపాధ్యాయినిని గూర్చిన భాగములు అట్లే నిలిచియుండెడివా? నిలువవని నా నమ్మకము. సామూహిక రచనలో సమూహము ఎంతవరకు విస్తరించినదో సత్యము అంతవరకే విస్తరించును. ఏకకర్తృక రచనలో ఈ లోపమును కవి దృష్టిలోపమనుచున్నాము. ఇక్కడ దానిని మేజా చుట్టు లేనివారి పట్టికగ చూపవచ్చును. విమర్శకునకు ఇది యొక సౌలభ్యమే.

మన ప్రాంతమునకు వత్తము. 1972లో డేవిడ్ హార్స్‌బరో ఆంధ్ర సరిహద్దున కోలారు మండలమందు నెలకొల్పిన నీల్ బాగ్ బడి, తరువాత మదనపల్లె చెంత ఋషీలోయవారు చుట్టుపట్ల పల్లెలలో తెరచిన చిన్న బడులు ఇట్టి ప్రయత్నములే. ఋషీలోయ పల్లెబడులలో పాఠపు కార్డులను మెట్లుగ పేర్చి, వేర్వేరు వయస్సుల పిల్లలను ఒకే గదిలో కూర్చుండబెట్టి, ఎవరి నడకను వారు నడచునట్లు చేసిరి. పల్లెపాటలు, కథలు పాఠములలోనికి వచ్చినవి. వీనిని గూర్చి ఉపాధ్యాయులు, పరిశీలకులు చాల వ్రాసిరి. ఆ బడులలో చదివిన పిల్లలు 'మేము' అని వ్రాసిన గ్రంథము నా కంటబడలేదు. బొమ్మలతో కూడిన బాలల కథల సంపుటములు అక్కడక్కడ కలవు. పెద్దలు ఎంచి, దిద్ది, ముద్దుగ అచ్చువేసినవి. బాలుని వాక్యమును దిద్దుట మనకు చేతనగును. మన వాక్యమును బాలుడు దిద్దుటకు వీలు కల్పించిన పుస్తక మేదైన ఉన్నచో పరిశోధక విద్యార్థులు వెలికి తీయవలెను.

అట్టి పరిశోధనకు దిగువారికి ఒక సూచన. ఇట్టి గ్రంథములకు అచ్చుప్రతి చాలదు. చీటీలు, కొట్టివేతలు, సైక్లోస్టైలు ప్రతులు కావలెను. మన పాఠపరిష్కర్తలు తాళపత్రప్రతులలో పాఠాంతరములను పోల్చునట్లే ఒక వాక్యము తొలి చీటీనుండి తుదికూర్పు వరకు ఎన్ని చేతులు మారినదో పోల్చి చూడవలెను. బర్బియానా, పియదేనా పిల్లల నడుమ నడచిన ఉత్తరములతో ఆ పని ఆరంభింపవచ్చును. అవి లేఖకు నాలుగేండ్లు ముందువి, పరిమాణమున చిన్నవి, పరీక్షలో తప్పిన కోపము ఇంకను సోకనివి.